అక్రోట్లు రాల్చే నెల

మా బావ గుండెపోటుతో పోయేనాటికి అక్కకి నలభై నిండలేదు. పిల్లలు లేరు. బావ ఉద్యోగానికి బదులుగా ఆయన పనిచేసిన ఉక్కు ప్లాంటులోనే, స్టోర్స్ సెక్షన్లో అక్కకి చిన్న ఉద్యోగం ఇచ్చారు. సెక్టర్ టూలో క్వార్టర్ కూడా ఇచ్చారు. శ్రీకాకుళం నుంచి ఈ హిందీ ఊరికి బ్లాస్ట్ ఫర్నేస్ పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మా నాన్న, ఆ తర్వాత అమ్మ, ఇద్దరూ అప్పటికే లేరు. నాకు అక్క, అక్కకి నేను. నేను అదే ఊళ్లో, రుఆబాంధాలో కాపురం. వారానికి రెండు మూడుసార్లు అక్క దగ్గరికి వెళ్లి వచ్చేదాన్ని.

బావ పోయాక అక్క మాట తగ్గించేసింది. డ్యూటీకి వెళ్లేది, వచ్చేది, వండుకునేది. టీవీ పెట్టి, సౌండ్ పూర్తిగా తీసేసి, బొమ్మలు చూస్తూ కూర్చునేది. నేను వెళితే అన్నం పెట్టేది గానీ, ఎదురుగా కూర్చుని తినేది కాదు. "నువ్వు తినీయే, నాకు ఆకలి లేదు" అనేది. మనిషి ఇంట్లో ఉన్నా ఇల్లు ఖాళీగా ఉన్నట్టుండేది.

చలికాలం వచ్చేసరికి మా సెక్టర్లలోకి కాశ్మీరీలు వస్తారు. శాలువాలు, స్వెట్టర్లు మూటలు కట్టుకుని గేటు గేటుకీ తిరుగుతారు. వాళ్లలో ఒకాయన మాత్రం బట్టలు అమ్మేవాడు కాదు. సైకిల్‌కి రెండు వైపులా గోనెసంచులు వేలాడదీసుకుని అక్రోట్లు అమ్మేవాడు. సొంత చెట్ల కాయలే. అందరూ ఆయన్ని అఖరోట్ భయ్యా అనేవారు. ఆయన చేతులు మణికట్టు దాకా నల్లగా ఉండేవి. అక్రోటు మీద పచ్చటి తోలు ఒకటి ఉంటుందనీ, అది ఒలిచినవాళ్ల చేతుల నలుపు రెండు నెలల దాకా పోదనీ ఆయన చెప్పేదాకా మాకు తెలీదు. అప్పటిదాకా మేము సైకిల్ గ్రీజు అనుకున్నాం.

ఆ ఏడు నేను కడుపుతో ఉన్నాను. అక్రోట్లు తినమని డాక్టరమ్మ చెప్పింది. అక్క ఆయన దగ్గర కొన్ని కాయలు కొని నాకోసం పగలగొడితే సగానికి పైగా లోపల నల్లబడి ఉన్నాయి. ఎవరితోనూ గొడవ పడని అక్కకి, నాకు పెట్టబోయినవి పుచ్చినవని తెలిసేసరికి ఎక్కడలేని కోపం వచ్చింది. పగిలిన కాయలు కొంగులో కట్టుకుని పక్క వీధి దాకా వెళ్లి ఆయన సైకిల్‌కి అడ్డంగా నిలబడింది. నేను వెనకాలే వెళ్లాను.

ఆయన వాదించలేదు. మెట్ల మీద కూర్చుని, రెండేసి కాయలు గుప్పిట్లో పెట్టి ఒకదానితో ఒకటి నొక్కి పగలగొట్టి చూశాడు. ఆరబెట్టిన రోజుల్లో వాన పడిందని హిందీలో చెప్పాడు. తర్వాత వేరే సంచి విప్పి, తూకం వెయ్యకుండా దోసిళ్లతో అక్క కొంగులో పోశాడు.

"తూకం లేకుండా ఏటిది?" అంది అక్క తెలుగులోనే.

"ఏటి? ఏటి మానే?" అని ఆ మాటకి అర్థం అడిగాడాయన.

అక్క జవాబు చెప్పకుండా వచ్చేసింది. మర్నాడు ఉదయం గేటు దగ్గర సైకిల్ బెల్లు మోగింది. "ఏటీ! ఏటీ!" అని పెద్దగా కేక. తెలుగువాళ్లు ఒకరినొకరు అలా పలకరించుకుంటారని ఆయన అనుకున్నాడట. వీధిలో ప్రతి తెలుగింటి ముందూ అలాగే అరుచుకుంటూ వచ్చాడు. అక్క చీపురు పట్టుకుని వాకిట్లో నిలబడిపోయి నవ్వింది. బావ పోయాక తను నవ్వగా నేను మొదటిసారి చూశాను. నాకు ఏడుపొచ్చింది.

అలా మొదలైంది. స్వీట్ షాపుల వాళ్లూ బేకరీల వాళ్లూ కాయ కొనరు, ఒలిచిన పప్పే కావాలంటారు. ఆయన ఉండేది పది మంది శాలువాల వాళ్లతో కలిసి ఒక్క గదిలో. ఒలవడానికి చోటు లేదు. అక్క క్వార్టర్ వెనక వరండా ఖాళీగానే ఉండేది. అక్కే ఇక్కడ ఒలుచుకోమంది. పక్క క్వార్టర్ల నుంచి నలుగురైదుగురు ఆడవాళ్లు మధ్యాహ్నాలు వచ్చి కూర్చునేవారు. ఆయన వాళ్లకి కూలి ఇచ్చేవాడు. డ్యూటీ నుంచి వచ్చాక అక్క కూడా పీట వేసుకునేది. చిన్న సుత్తితో అతుకు మీద ఒక్క దెబ్బ వేస్తే కాయ రెండుగా విచ్చుకోవాలి, పప్పు విరగకూడదు. తెల్లగా, విరగకుండా వచ్చిన సగాలు ఒక పళ్లెంలో, కాస్త గోధుమ రంగువి ఇంకో పళ్లెంలో, ముక్కలు మూడో దాంట్లో. ఈ పళ్లేనికీ ఆ పళ్లేనికీ ధరలో చాలా తేడా ఉంటుందని ఆయన చెప్పేవాడు.

చాలా చెప్పేవాడు. వాళ్ల ఊళ్లో చెట్లు మూడంతస్తుల మేడంత ఎత్తు ఉంటాయట. సెప్టెంబరులో మగవాళ్లు ఎక్కి, పొడవాటి కర్రలతో కొమ్మల్ని కొట్టి కాయలు రాలుస్తారట. ప్రతి ఏడూ ఎక్కడో ఒక ఊళ్లో ఎవరో ఒకరు పడిపోతారట. "అందుకే నేను ఎక్కడం మానేశాను, మా అమ్మకి కొడుకుని నేనొక్కణ్ణే" అనేవాడు. ఆయన భార్య పెళ్లయిన కొత్తలోనే జబ్బు చేసి పోయింది. మళ్లీ చేసుకోలేదు.

కరోనా మొదటి ఏడు ఆయన రాలేదు. ఆ చలికాలం అక్క వరండా కడిగి, పీటలు తుడిచి, మళ్లీ గోడకి ఆనించేసింది. మరుసటి ఏడు వచ్చినప్పుడు గడ్డం తెల్లబడిపోయింది. తెలుగు మాత్రం మర్చిపోలేదు. మాటలన్నీ అక్క దగ్గర నేర్చినవే కాబట్టి అచ్చం మా శ్రీకాకుళం యాసలోనే మాట్లాడేవాడు. ఇక్కడే పుట్టిన నా కూతురికి కూడా అంత తెలుగు రాదు.

వీధిలో అందరూ ఆయన్ని భయ్యా అనేవారని చెప్పాను. అక్క ఒక్కతే ఎప్పుడూ ఆ మాట అనలేదు. ఏమీ పిలవకుండానే మాట్లాడేది. ఆయన కూడా ఆడవాళ్లందరినీ దీదీ అనేవాడు గానీ అక్కని ఆ మాటతో పిలవగా నేను వినలేదు.

లోకం ఊరుకుంటుందా? మా ఆయనకి కూడా ఇబ్బందిగానే ఉండేది. "మీ అక్క ఇంటికి ఆ మనిషి రోజూ రావడమేటి? నలుగురూ ఏటనుకుంటారు?" అన్నాడొకసారి. "నలుగురూ ఆ వరండాలోనే కూర్చుని ఒలుస్తున్నారు కదా" అన్నాను నేను. ఆ మాట అక్కడితో ఆగింది.

రెండేళ్ల కిందట చలికాలం చివర్లో, శివరాత్రికి ముందు, ఆయన రుఆబాంధాలో మా ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ రాలేదు. శుభ్రమైన ఫెరన్, వాళ్ల పొడవాటి ఉన్ని అంగీ, వేసుకున్నాడు. మా ఆయన కూడా ఇంట్లోనే ఉన్నాడు. టీ ఇచ్చాను. తాగకుండానే గ్లాసు పక్కన పెట్టి అన్నాడు:

"మీ అక్కగారిని అడగాలని ఉంది. ముందు మీ ఇద్దర్ని అడగడం న్యాయం అని వచ్చినాను. మతం మార్చమని అడగను. నౌకరీ మానమని అడగను. అఖరోట్ రాల్చే నెల ఒక్కటీ అక్కడ ఉంటాను, అమ్మని చూసుకుంటాను. మిగిలిన రోజులు ఇక్కడే. మీకు కష్టంగా ఉంటే చెప్పీయండి, ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తను."

నేను మా ఆయన వైపు చూశాను. మా ఆయన "వదినగారి ఇష్టం. ఆవిడ సరే అంటే మాదేటుంది" అన్నాడు. అంతకంటే ఎక్కువ నేనూ ఆశించలేదు.

మర్నాడు అక్కకి చెప్పాను. బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చెయ్యి ఆగింది.

"ఆయనే అడిగినాడా? నువ్వు అడిగించినావా?"

"ఆయనే అక్కా."

"బేగి సెప్పమన్నాడేటి?"

"లేదు. ఎప్పుడైనా పర్లేదన్నాడు."

"సరే. నన్ను ఆలోచించుకోనీ" అని మళ్లీ బియ్యం ఏరసాగింది. చేట ఒక పక్కకి వంగిపోయింది. గింజలన్నీ ఒళ్లో పడుతున్నా చూసుకోలేదు.

ఆయన వెళ్లే రోజు అక్క సగం రోజు సెలవు పెట్టి దుర్గ్ స్టేషన్‌కి వెళ్లింది. జమ్ము బండి కదిలేదాకా ఉంది. అయినా ఆ మాట మాత్రం చెప్పలేదు. ఎండాకాలంలో ఒక సాయంత్రం కరెంటు పోయి ఇద్దరం మెట్ల మీద కూర్చున్నప్పుడు తనే అంది:

"ఒలే, సరే అని సెప్దామనుకుంటన్నాను. ఫోన్లో కాదు. వచ్చినప్పుడు ఎదురుగుండా సెప్పాల."

ఆ తర్వాత వెనక గదికి సున్నం వేయించింది. లేతాకుపచ్చ రంగు తనే ఎంచుకుంది. ఎందుకని పక్కింటావిడ అడిగితే గోడ చెమ్మగా ఉందని చెప్పింది.

ఆ ఏడు ఆయన ఫోనుల్లో చెట్ల మాటకంటే ధరల మాటే ఎక్కువగా ఉండేది. ఢిల్లీ టోకు మండీలో ఏళ్లుగా ఆయన సరుకు ఎత్తే సేఠ్ ఈసారి వద్దన్నాడట. చిలీ నుంచి, కాలిఫోర్నియా నుంచి ఓడల్లో వచ్చేస్తున్నాయట. చిలీలో మన వేసవి రోజుల్లోనే కాయలు దింపుతారట. కాశ్మీరులో కర్ర పైకెత్తక ముందే ఆ సరుకు ముంబై రేవులో దిగి, దసరా దీపావళి మిఠాయిల్లోకి చేరిపోతుందట. అక్కడ చెట్లు పొట్టివి, యంత్రం మొదలు పట్టుకుని ఊపితే కాయలన్నీ రాలిపోతాయి, మనిషి ఎక్కక్కర్లేదు. కాయలన్నీ ఒకే సైజు, పెంకు తెల్లగా మెరుస్తుంది. "రుచి చూస్తే మనదే. కానీ కొనేవాళ్లు కళ్లతో కొంటారు" అన్నాడట అక్కతో. ఇక్కడ మా సివిక్ సెంటర్ దుకాణాల్లో కూడా ఆ సీలు ప్యాకెట్లే. వాటిని నేను అదివరకు చూశాను గానీ ఎక్కడివో ఆలోచించలేదు.

సెప్టెంబరు చివర్లో ఒక మధ్యాహ్నం నాకు ఫోను వచ్చింది. చేసింది ఆయన మేనల్లుడు. మర్యాద కోసమో ఏమో, ఆయన తన ఇంట్లో అక్క నంబరు కాకుండా నా నంబరే ఇచ్చి ఉంచాడు.

చెట్లెక్కే కూలీలు ఆ ఏడు తక్కువ మంది వచ్చారు. ప్రాణం మీదికి తెచ్చుకునే పని, వాళ్లు ఎక్కువ అడగడంలో తప్పులేదు. కిందటేటి సరుకే ఇంట్లో మిగిలిపోయి ఉంది, ఈయన దగ్గర ఇవ్వడానికి లేదు. కొన్ని చెట్లు వాళ్లకి అప్పజెప్పి, ఇంటి వెనక ఉన్న పెద్ద చెట్టు తానే ఎక్కాడు. పొద్దున్నే, మంచు తడి ఆరకముందే. కొమ్మ మీద కాలు జారింది.

ఆటో ఎక్కి సెక్టర్ టూకి వెళ్లాను. అక్క అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది. మెడలో గేటు పాసు ఇంకా తీయలేదు. నా మొహం చూడగానే లేచి నిలబడింది. చెప్పాను.

"ఉన్నాడా?" అంది.

"ఉన్నాడక్కా. వెన్ను విరిగిందట. కాళ్లు కదలవట."

గోడ పట్టుకుని మెల్లిగా కూర్చుంది. "ఉన్నాడు కదా" అంది మళ్లీ. "ఉన్నాడు కదే."

నవంబరులో, శ్రీనగర్ ఆసుపత్రి నుంచి ఆయన్ని ఇంటికి తెచ్చారని తెలిశాక మేమిద్దరం బయల్దేరాం. పాపని మా ఆయన చూసుకుంటానన్నాడు. దుర్గ్ స్టేషన్‌కి వచ్చి, బండి కదలబోతుంటే తన ఉన్ని కోటు విప్పి కిటికీలోంచి అక్కకి అందించాడు. "వదినా, అక్కడ చలి మన చలిలాంటిది కాదట. ఉంచండి" అన్నాడు. నాలుగు మాటలు కూడా మాట్లాడుకోని మనుషులు వాళ్లిద్దరూ. అక్క ఆ కోటు దారంతా ఒళ్లోనే పెట్టుకుంది.

ఆయన ఇల్లు చెక్కదే, రెండంతస్తులు. మెట్ల గదిలో కప్పు దాకా గోనెసంచులు. పోయినేటివీ ఈ ఏటివీ, అమ్ముడుపోనివి. కింది గదిలో కిటికీ పక్కన పరుపు మీద ఆయన పడుకుని ఉన్నాడు. ఆ భుజాలూ ఆ మెడా సన్నబడిపోయి, వేరే ఎవరో అనిపించాడు. అక్కని చూసి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"ఎందుకొచ్చినారు ఇంత దూరం?"

అక్క పరుపు పక్కన నేల మీద కూర్చుంది. "నువ్వు అడిగినదానికి జవాబు సెప్పడానికి."

"నాను ఏటీ అడగలేదు."

"అడిగినావు. నా చెల్లినడిగినావు. నాను సరే అంటన్నాను."

గదిలో ఆయన తల్లి ఉంది, మేనల్లుడు ఉన్నాడు. వాళ్లకి ఆ భాష తెలీదు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

"అప్పుడు అడిగినాను," అన్నాడాయన. "ఇప్పుడు అడగడం లేదు. అప్పుడు నాకు కాళ్లుండేవి."

"కాళ్లు చూసి అన్నానేటి సరే అని?"

"మీరు ఇక్కడుంటే నాకు గుడ్డలు మార్చాలి. ఒళ్లు తుడవాలి. రోజూ మీ మొహం చూసి నాను చచ్చిపోతాను. ఎల్లిపోండి. మీ నౌకరీ ఉంది, క్వార్టర్ ఉంది. ఎల్లిపోండి." చివరి మాట దగ్గర ఏడ్చాడు. పక్కకి తిరగలేని మనిషి కావడంతో కన్నీళ్లు చెవుల్లోకి జారాయి. అక్క కొంగుతో తుడిచింది. ఆయన వద్దనలేదు. సరే అని కూడా అనలేదు.

నాలుగైదు రోజులు ఉన్నాం. ఒలిచిన పప్పుకైతే కాస్త గిరాకీ ఉందని మేనల్లుడు అంటే, అక్క ఆ ముసలావిడ పక్కన కూర్చుని సంచుల్లో కాయలు ఒలిచింది. ఆవిడకి కాశ్మీరీ తప్ప ఇంకేమీ రాదు. ఆవిడ ఏదో చెప్పేది, అక్క "అవునమ్మా" అనేది. అక్క ఏదో చెప్పేది, ఆవిడ తలూపేది. మేము బయల్దేరేటప్పుడు ఆవిడ అక్క మొహాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. తన కొడుకు ఏమడిగాడో, ఎందుకు కాదన్నాడో ఆవిడకి అర్థమయ్యే ఉంటుంది.

ఇంటికొచ్చాక అక్క రోజూ సాయంత్రం ఆయనకి ఫోను చేసేది. మొదట్లో ఎత్తేవాడు కాదు. తర్వాత ఎత్తడం మొదలుపెట్టాడు. ఆయన అక్కడి మంచు సంగతి చెప్పేవాడు, అక్క ఇక్కడి బజారు సంగతి చెప్పేది. మేనల్లుడు పార్సిల్లో పప్పు పంపేవాడు. అక్క డ్యూటీ దిగాక, ఆయన తిరిగిన స్వీట్ షాపులకే వెళ్లి నిలబడేది. "దీదీ, విదేశీ మాల్ ఇంకా తెల్లగా ఉంటుంది" అనేవారు వాళ్లు. "తిని చూడండి" అనేది. కొంతమంది తీసుకునేవారు. పెట్టెలు మోసి మోసి భుజం నొప్పి పట్టింది. నేను వద్దంటే, "ఆయన మందులకి పనికొస్తాదే" అనేది.

రెండో చలికాలం ఆయనకి వెన్ను మీద పుళ్లు పడ్డాయి. చీము పట్టింది, జ్వరం దిగలేదు. మంచుకి రోడ్డు మూసేసి ఉంది. మూడు రోజులు ఫోను ఎత్తలేదు. ఆ మర్నాడు పొద్దున మేనల్లుడు నాకు చేశాడు.

ఈసారి నేను చెప్పక్కర్లేకపోయింది. గుమ్మంలో నన్ను చూడగానే అక్కకి అర్థమైపోయింది. లోపలికి వెళ్లి, లేతాకుపచ్చ గోడల గదిలో నేల మీద పడుకుంది. సాయంత్రం దాకా లేవలేదు. పక్కన కూర్చుని ఆమె పాదాలు పట్టుకున్నాను.

"కొన్నాళ్లు సెలవు పెట్టు అక్కా" అన్నాను.

"పెడతాను. ఎవరు పోనారని సెప్పమంటావే?"

బావ పోయినప్పుడు ఇల్లంతా జనం. ఆఫీసు వాళ్లొచ్చారు, మా ఊరివాళ్లొచ్చారు, అక్కని పట్టుకుని ఏడ్చినవాళ్లున్నారు. ఇప్పుడు అదే మనిషికి మళ్లీ అంత కష్టం వస్తే, ఓదార్చడానికి దానికొక పేరే లేదు. మర్నాడు జ్వరమని చెప్పి ఒక్క పూట మానేసింది. ఆ తర్వాత డ్యూటీకి వెళ్లిపోయింది.

వెళ్లే ముందు అడిగింది, "వాళ్లకి పదో రోజు లాంటిది ఉంటదేటి?" నాకు తెలీదన్నాను. మేనల్లుడికి ఫోను చేసి అడిగింది. మనిషి పోయిన నాలుగో రోజు నలుగురికీ అన్నం పెడతామని అతను చెప్పాడు.

నాలుగో రోజు ఆదివారం పడింది. అక్క తెల్లవారుజామునే లేచింది. నేను వెళ్లేసరికి పప్పు ఉడుకుతోంది. పులిహోర కలిపాం, వంకాయ కూర చేశాం, సేమ్యా పాయసం కాచాం. వరండాలో అక్రోట్లు ఒలిచిన ఆడవాళ్లందరినీ భోజనానికి పిలిచింది. ఆయన పోయిన సంగతి వాళ్లెవరికీ తెలీదు. పడిపోయాడని మాత్రం తెలుసు.

వరసగా కూర్చుని తిన్నారు. పులిహోర బాగుందని మారు వడ్డించుకున్నారు. వాళ్లలో పెద్దావిడ ఒకామె తలెత్తి, "ఏటమ్మా ఇవాళ విశేషం? మొక్కేటైనా తీర్చినావా?" అని అడిగింది.

"ఏటీ లేదు పిన్నీ. తినండి. ఇంకొంచెం పాయసం వేసుకోండి" అంది అక్క, వంగి వడ్డిస్తూ.

అందరూ వెళ్లాక గిన్నెలు తోముకున్నాం. అక్క ఆ రోజంతా ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. మిగిలిన అన్నంలో పప్పు కలిపి ముద్ద చేసి నోటి దగ్గర పెట్టాను. చిన్నపిల్లలా నోరు తెరిచింది. నమలలేక, ముద్ద నోట్లో ఉండగానే ఏడుపు వచ్చేసింది. నేనూ ఏడ్చాను. అలా ఏడుస్తూనే రెండో ముద్ద కూడా కలిపి పెట్టాను.